ఎర్రదారం కట్టిన కోటు

వీధి చివర ఉన్న ఆ రెండంతస్తుల కొట్టుకి బోర్డంటూ లేదు. కోట్ల షావుకారు కొట్టు ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. కోట్లకి పడగలెత్తినవాడు కాబోలనుకుని చందాల కోసం ఎక్కివచ్చినవాళ్లు కూడా ఉన్నారు. తీరా చూస్తే ఆయన దగ్గరున్నవన్నీ తొడుక్కునే కోట్లు. సినిమాలకీ నాటకాలకీ బట్టలు అద్దెకివ్వడం ఆయన వ్యాపారం.

ఆ వ్యాపారంలో లెక్క తలకిందులుగా ఉంటుంది. లోకంలో ఏ కొట్లోనైనా కొత్త బట్టకి విలువ, పాతదానికి తగ్గింపు. ఇక్కడ కొత్త చొక్కా వస్తే దాన్ని నానబెట్టి, ఇటుకముక్కతో రుద్ది, ఎండలో పడేసి, కాయకష్టం చేసినవాడి ఒంటిమీంచి వలిచినట్టు తయారుచేస్తే తప్ప అద్దెకి పోదు. "మురికి మన పెట్టుబడి, ఇస్త్రీ మన నష్టం" అని పనివాళ్లకి చేరిన రోజే చెప్పేవాడు షావుకారు. పొరపాటు జరక్కుండా ఒక పద్ధతి కూడా పెట్టాడు. బాగుచేయాల్సిన బట్టకి కాలరు దగ్గర తెల్లదారం. ముట్టుకోకూడని బట్టకి ఎర్రదారం. ఎర్రదారం కట్టినదాని మీద ఎవరైనా దుమ్ము దులిపితే తన ఆస్తి దులిపినట్టే బాధపడేవాడు.

కొట్టు మొత్తానికి అన్నిటికంటే లావుపాటి ఎర్రదారం ఉప్పుగడ్డం కెప్టెన్ కోటుకి ఉండేది.

ఉప్పుగడ్డం సముద్రపు దొంగ. సినిమాల్లోనే అనుకోండి. మొదటి సినిమాలో ఒక రాజు చంద్రుణ్ణి పీపాలో దాస్తే ఆ పీపాని కొట్టేసుకుపోయాడు. అప్పుడు వీపు చిరిగింది. రెండోదాంట్లో శంఖంలో కాపురముండే మంత్రగత్తె నిప్పులూదితే మోచెయ్యి కాలింది. మూడోదాంట్లో ఉప్పుబొమ్మల సైన్యంతో కత్తియుద్ధం చేసి జేబులు రెండూ పోగొట్టుకున్నాడు. ఇక నాలుగో సినిమా ఆఖర్లో అతని ఓడ మునుగుతుంటే, తెరచాప స్తంభానికున్న కొక్కెం కోటు కుడి భుజంలో దిగబడి, గాల్లో వేలాడుతూ ఉండిపోయాడు. కింద ఏడు నాలుకల తిమింగిలం నోరు బార్లా తెరిచింది. భుజం దగ్గర చిరుగు పోగు తర్వాత పోగుగా తెగుతోంది. సరిగ్గా అక్కడ తెర నల్లబడి, "మిగతాది ఆఖరి భాగంలో" అని పడింది. జనం కుర్చీలు విసరలేదంటే, అవి నేలకి బిగించి ఉండబట్టే.

రెండేళ్లయింది. ఇప్పుడు ఆఖరి భాగం మొదలవుతోంది. గోడల మీద పోస్టర్లలో హీరో మొహం కూడా లేదు. ఆ కుడి భుజం, దాని మీద చిరుగు, అంతే. రేపు పొద్దున సినిమావాళ్ల వ్యాను వచ్చి కోటు పట్టుకెళ్తుంది. ఇన్నాళ్లూ దాన్ని చిరుగు చిరుగులాగే, మరక మరకలాగే కాపాడి ఇవ్వడం షావుకారు పూచీ. ఇవ్వలేకపోతే ఆ సినిమా ఒక్కటే పోదు, పెద్ద కంపెనీల బేరాలన్నీ ఎదురువీధిలో అద్దాల తలుపులు పెట్టి ఇలాగే బట్టలు అద్దెకిచ్చే కొట్టువాడికి పోతాయి. వాడు ఇరవై ఏళ్లుగా గుమ్మంలో కుర్చీ వేసుకుని ఆ ముహూర్తం కోసమే కూర్చున్నాడు.

షావుకారు కోటుని గాలి తగలనిద్దామని నిన్ననే అలమారులోంచి తీసి వెనకగదిలో తగిలించాడు. ఈ పొద్దున తలుపు తీసి చూసేసరికి పక్క కొట్లోకి వచ్చానేమో అనుకున్నాడు.

కోటు మెరిసిపోతోంది. మడతలకి చెయ్యి తెగేంత ఇస్త్రీ. బొత్తాలన్నీ వరసగా, బడికెళ్లే పిల్లల్లా ఉన్నాయి. వీపు మీద చిరుగు లేదు. మోచేతి మీద కాలిన కన్నం లేదు. కుడి భుజం వెలుతురుకి పెట్టి చూశాడు. అక్కడ చిరుగుండేదని ప్రమాణం చేసినా ఎవరూ నమ్మరు.

"అక్కా!"

అక్క పక్కగదిలోంచి కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ వేరే ఊళ్లో ముప్పై ఏళ్లు రఫ్ఫు కొట్టు నడిపింది. చిరిగిన బట్ట ఆవిడ చేతిలో పడితే ఆ చిరుగుకి ఆయుష్షు తీరినట్టే. కొట్టున్న మేడ అమ్ముడుపోయాక ఈమధ్యే తమ్ముడింటికి వచ్చేసింది. ఊరికే కూర్చుంటే వేళ్లు మొద్దుబారిపోతాయని నిన్నటినుంచే కొట్లోకి రావడం మొదలుపెట్టింది.

"ఇది ఎవరు చేశారక్కా?"

"ఇంకెవరు చేస్తార్రా? నీ పనివాళ్లకి సూదిలో దారం ఎక్కించడం వచ్చా? పాపం ఎవడిదో గానీ ఒళ్లంతా కిటికీలే. ఉతికితే చూడూ, బక్కెట్ల కొద్దీ నల్లనీళ్లు!"

షావుకారు గోడ పట్టుకున్నాడు. నాలుగు సినిమాల మురికి, రెండు యుద్ధాల పొగ, ఒక మంత్రగత్తె బూడిద, అన్నీ కలిసి కాలవలో పోయాయి.

"ఎర్రదారం చూళ్లేదా?"

"చూడకేం! అందుకేగా ముందు దీన్నే పట్టుకున్నా. మా కొట్లో ఎర్రదారం కట్టామంటే గిరాకీ గుమ్మంలో నిలబడ్డాడని లెక్క. అన్నీ పక్కనపెట్టి అదే చెయ్యాలి." ఆవిడ చొక్కాల గుట్ట వైపు చూసింది. "తెల్లదారంవి తొందర లేదు, రేపు చూస్తా."

తిడదామంటే తప్పు ఎక్కడుందో దొరకలేదు షావుకారుకి. ఆవిడ పద్ధతి ఆవిడది, తన పద్ధతి తనది. రెండూ నిఖార్సైన పద్ధతులే. రెండిటికీ ఒకటే రంగు దారం దొరకడమే గ్రహపాటు. మూడు నెలలుగా ఒకే కప్పు కింద ఉంటూ ఒక్క మాట అడక్కపోవడం, చెప్పకపోవడం ఇద్దరి ఖాతాలోనూ చెరిసగం.

అరగంటలో కుటుంబమంతా వెనకగదిలో సమావేశమైంది. భార్య కోటు చూసి ముందు నోరు తెరిచి, తర్వాత మూసుకుని, చివరికి అంది: "ఏదేమైనా వదినగారి చేతిపని చేతిపనేనండీ. మీ పెళ్లి కోటు కూడా ఇంత బాగా లేదు."

"ఇప్పుడు ఆ పోలిక అవసరమా?"

"నాన్నా, ఏడుపు తర్వాత, ముందు మురికి" అంది కూతురు. ఆ పిల్లకి ఉప్పుగడ్డం సినిమాలు కంఠతా వచ్చు. ఏ మరక ఎక్కడుండాలో పోస్టర్లు పరిచి చూపిస్తూ పని పంచింది. భార్య టీ డికాషను కాచింది. పనివాళ్లు బూడిద, ఇటుకపొడి, ఉప్పునీళ్లు తెచ్చారు. షావుకారు స్వయంగా కోటుని కొట్టు వ్యానుకి కట్టి వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి లాగించాడు. మంగలి షాపులోంచి సగం గీసిన గడ్డంతో ఒకాయన బయటికొచ్చి, "షావుకారుగారూ, లోపల మనిషి లేడు కదా?" అనడిగాడు.

మురికి గురించి బెంగ తీరింది. అది ఎక్కడైనా ఊరికే దొరికే సరుకు. వీపు, మోచెయ్యి, జేబులు కూడా తంటాలు పడి ఎలాగో పాతరూపుకి తెచ్చారు. మిగిలింది కుడి భుజం. లోకమంతా రెండేళ్లుగా కళ్లప్పగించి చూస్తున్న చిరుగు. బ్లేడు పెడితే పనికిరాదు. కోసిన చిరుగు వేరు, చిరిగిన చిరుగు వేరు, కెమెరా కంటికి అది వెంటనే తెలిసిపోతుంది. రఫ్ఫు పోగులు ఒక్కొక్కటే లాగి అసలు చిరుగుని బయటికి తీయాలి. ఆ పోగులు ఎక్కడ మొదలయ్యాయో కుట్టిన చేతికి తప్ప ఇంకెవరికీ కనబడటం లేదు.

అక్క చేతులు కట్టుకుని కూర్చుంది.

"సంగతి తెలీక కుట్టాను, ఒప్పుకుంటా. సంగతి తెలీకుండా విప్పమంటే మాత్రం కుదరదు. ఎవడా కెప్టెను? ఎందుకు వేలాడుతున్నాడు?"

"రా అత్తా, చూపిస్తా" అని కూతురు ఆవిడ చెయ్యి పట్టుకుని ముందుగదిలో టీవీ దగ్గరికి లాక్కెళ్లింది.

అక్క అంతకుముందు ఒక్క ఉప్పుగడ్డం సినిమా కూడా చూళ్లేదు. మొదటి సినిమా సగం దాకా "వీడు స్నానం చెయ్యడా?", "ఆ పిల్ల అంత ఎత్తు చెప్పులేసుకుని ఓడెక్కిందేమే?" అంటూనే ఉంది. చంద్రుడున్న పీపా ఒడ్డుకి దొర్లుకుంటూ వస్తుంటే మాట ఆగింది. రెండో సినిమాలో మంత్రగత్తెని తిట్టడం మొదలుపెట్టింది. మూడోదాంట్లో భార్య భోజనానికి పిలిస్తే, "ఉండవే, ఉప్పుబొమ్మలు చుట్టుముట్టాయి!" అని కసిరింది. నాలుగోది అయిపోయి తెర నల్లబడ్డాక లేచి వెళ్లి టీవీని రెండుసార్లు తట్టింది.

"తర్వాత?"

"తర్వాతేముంది అత్తా, ఇప్పుడు తీస్తారు."

"అంటే రెండేళ్లనుంచీ ఆ పిల్లాడు అలా వేలాడుతూనే ఉన్నాడా?"

ఆ పిల్లాడి వేషం కట్టినాయనకి యాభై దాటాయి. షావుకారు గొంతు సవరించుకుని, "సరే అక్కా, సంగతి తెలిసింది కదా. ఇక విప్పు" అన్నాడు.

"విప్పను. విప్పితే పడిపోతాడు."

"అక్కా, అది సినిమా. కింద పరుపులుంటాయి."

"పరుపులు నీ హీరోకి. ఉప్పుగడ్డానికి కింద ఉన్నది తిమింగిలం."

షావుకారు జీవితంలో చాలా గట్టి బేరగాళ్లని చూశాడు. సగానికి అడిగేవాళ్లని, లేచి వెళ్లిపోతున్నట్టు నటించేవాళ్లని, ఏడ్చేవాళ్లని. ఇలాంటి మాట మాత్రం ఎవరి నోటా వినలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"నా మాట కూడా ఒకసారి వినక్కా. రేపు వ్యానొస్తుంది. పోస్టర్లో ఉన్న చిరుగు కోటు మీద లేకపోతే, వాళ్లు ఒక్క మాట కూడా అనరు. తిన్నగా ఎదురువీధికి పోతారు. ఆ తర్వాత ఈ వీధికి ఎవరూ రారు. ఇన్నేళ్లూ నేను అమ్ముకున్నది బట్టలు కాదు, నా మాట. అప్పగించింది అప్పగించినట్టే ఇస్తాడని పేరు. అది ఒక్కసారి చిరిగితే దానికి రఫ్ఫు లేదు."

అక్క తమ్ముడి మొహం చూసింది. తర్వాత కోటు చూసింది. భుజం మీద వేలితో ఒకసారి రాసింది.

"పైకి చిరుగు కనబడితే చాలు కదా?"

"చాలు. పోస్టర్లో ఉన్నట్టు కనబడాలి."

"సరే, పోయి పడుకో. పొద్దునకి కనబడుతుంది."

అంత గట్టి మనిషి అంత తొందరగా దిగొచ్చిందంటే బేరంలో ఎక్కడో మెలిక ఉంటుందని షావుకారుకి తెలుసు. గిరాకీ అయితే రెండోసారి అడిగేవాడే. అక్క కాబట్టి ఊరుకున్నాడు.

పొద్దున పోస్టరు పక్కన పెట్టి చూస్తే చిరుగు పోగుకి పోగు సరిపోయింది. కూతురు చప్పట్లు కొట్టింది. షావుకారు కోటు మడిచి చేతి మీద వేసుకున్నాడు. అప్పుడు తెలిసింది. కుడివైపు కొంచెం బరువుగా ఉంది. ఆయన చెయ్యి తక్కెడలాంటిది, అబద్ధం చెప్పదు. లోపలి అస్తరు విప్పి చూద్దామా అనుకున్నాడు. చూస్తే తెలుస్తుంది. తెలిస్తే సినిమావాళ్లకి చెప్పాలి. చెబితే బేరం పోతుంది. తెలీనిదాన్ని దాచిపెట్టడం అంటూ ఉండదు కదా అని మనసుకి సర్దిచెప్పి చూడటం మానేశాడు. వ్యాను వస్తే మాత్రం కోటు పంపి ఊరుకోకుండా తనూ ఎక్కి కూర్చున్నాడు.

షూటింగు పెద్ద గోదాములాంటి చోట. నడుమ నీళ్లతొట్టి. తొట్టిలో రబ్బరు తిమింగిలం, నోట్లో ఏడు నాలుకలు, నాలుకల మధ్య పరుపులు. పైన వాలిన ఓడ, దాని మీద ప్లైవుడ్డు తెరచాప స్తంభం, దానికి కొక్కెం. సినిమావాళ్లు కథ చివర్నుంచి మొదలుపెడుతున్నారు. తొట్టి అద్దెకి తెచ్చింది కాబట్టి ముందు దాని పని తేల్చేయాలట. ఆ లెక్క షావుకారుకి నచ్చింది.

బట్టలు చూసుకునే అమ్మాయి కోటుని అటూ ఇటూ తిప్పి, "అమ్మయ్య, అలాగే ఉంది" అంది. షావుకారు ఊపిరి వదిలాడు. సగమే వదిలాడు.

డైరెక్టరు చిన్న మనిషి, పెద్ద గొంతు. హీరోకి వివరిస్తున్నాడు. "మనవాళ్లు సినిమా అంతా ఓడేసుకుని వస్తుంటారు సార్, మిమ్మల్ని కాపాడ్డానికి. ఒక్క అరక్షణం ఆలస్యం. చిరుగు తెగుద్ది. మీరు తిమింగిలం నోట్లోకి. ఆఖరి భాగం, ఆఖరి సీను. జనం ఏడ్చుకుంటూ ఇళ్లకి పోవాలి."

"నాలుగుసార్లు ఈదాను, ఐదోసారి మింగించేస్తున్నావన్నమాట" అన్నాడు హీరో, కీళ్లు నొక్కుకుంటూ. "కానీ, కొంచెం నిదానంగా మింగమను."

నడుముకి కనబడని తీగ కట్టి ఆయన్ని కొక్కేనికి తగిలించారు. కెమెరాలు తిరిగాయి. కోటుని కిందికి లాగే మర తిప్పారు. పైబట్ట పోగులు టప్ టప్‌మని తెగాయి. చిరుగు బెత్తెడు తెరుచుకుని, ఆగిపోయింది.

"లాగండి!" అరిచాడు డైరెక్టరు.

లాగారు. కోటు కదల్లేదు. మరో ఇద్దరొచ్చి మర మీద చెయ్యి వేశారు. కోటు కదల్లేదు గానీ, ఎక్కడో కిర్రుమంది. షావుకారు తల పైకెత్తాడు. తెరచాప స్తంభం, తల వంచే పెద్దమనిషిలా, నెమ్మదిగా ముందుకి వంగుతోంది. ఫెళఫెళమని మొదలంటా విరిగి తొట్టిలోకి వచ్చి పడింది. పడటం పడటం తిమింగిలం నోటికి అడ్డంగా, పై దవడకీ కింది దవడకీ మధ్య ఇరుక్కుపోయింది. నోరు మూసే యంత్రం గుర్రుగుర్రుమంది గానీ మూతపడలేదు. హీరో గాల్లో గిరగిరా తిరిగి, నిజంగానే కేకపెట్టి, చివరికి స్తంభం మీద గుర్రమెక్కినట్టు కూర్చున్నాడు. కోటు ఇంకా కొక్కేనికే ఉంది.

గోదాములో సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. ఆ సూది ఎవరిదో తెలిసినవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు.

బట్టల అమ్మాయి పరిగెత్తుకెళ్లి అస్తరు తిరగేసింది. లోపల తెరచాపలు కుట్టే లావు దారంతో వరస మీద వరస, చీమల బారులా సన్నటి కుట్లు. డైరెక్టరు వచ్చి చూశాడు. మొహం ఎర్రబడింది.

"ఇది ఎవడు కుట్టాడు?"

పనివాళ్ల మీదకి నెట్టేయొచ్చు. ఎలకల మీదకి కూడా నెట్టేయొచ్చు. కానీ అంత మంచి కుట్టుకి తప్పుడు పేరు చెప్పడం సరుకు మీద దొంగ ముద్ర వేయడమే అనిపించింది షావుకారుకి.

"మా అక్కండీ. ఆవిడ ఉప్పుగడ్డం పడిపోకూడదంది."

"పడిపోకూడదా? నా కథ ఏం కావాలి? స్తంభం ఏం కావాలి?"

పైనుంచి నవ్వు వినిపించింది. హీరో స్తంభం మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు. "ఏమయ్యా, నాలుగు సినిమాల్లో ఓడ నన్ను కాపాడిందని చెప్పుకున్నాం. అసలు గట్టిది కోటు, బోడి ఓడ కాదు!"

లైట్లవాళ్లు కిసుక్కుమన్నారు. షావుకారుకి అక్కడ సందు దొరికింది. పాడైన సరుకు వెనక దాచేవాడు వ్యాపారి కాడు, దాన్ని ముందువరసలో పెట్టి అమ్మేవాడే వ్యాపారి. డైరెక్టరు పక్కకి చేరి గొంతు తగ్గించాడు.

"కెమెరాలు ఆగలేదు కదండీ?"

"లేదు. అయితే?"

"ఒకసారి చూడండి మరి. మళ్లీ స్తంభం కట్టడం ఎలాగూ తప్పదనుకుంటే, చూశాక తిట్టండి. నేనెక్కడికీ పోను."

డైరెక్టరు చూశాడు. చిన్న తెర మీద చిరుగు తెగుతూ తెగుతూ ఆగింది. స్తంభం కూలింది. తిమింగిలం నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఉప్పుగడ్డం కేకపెట్టి, బతికి, స్తంభం మీద కూర్చుని తన భుజాన్ని తనే ఆశ్చర్యంగా చూసుకున్నాడు. డైరెక్టరు మళ్లీ వెయ్యమన్నాడు. ఇంకోసారి వెయ్యమన్నాడు.

"బాగుంది" అన్నాడు, పన్ను పీకించుకుంటున్నట్టు. "కానీ ఇది ఆఖరి భాగం. ఇతను చావాలి. జనం ఏడవాలి."

"ఏడ్చుకుంటూ వెళ్లినవాడు రెండోసారి రాడండీ. నవ్వుకుంటూ వెళ్లినవాడు పక్కింటివాణ్ణి తీసుకొస్తాడు. ఆఖరిదంటే ఆయన చావాలని ఏముంది? మీరు తీయడం మానేస్తే చాలు."

డైరెక్టరు కోటు అస్తరుని వేలితో లాగి చూశాడు. రాలేదు.

"మీ అక్కగారు ఇంకేమైనా అన్నారా? అంటే, కథ గురించి?"

"హీరోకి స్నానం చేయించమన్నారండీ."

"అదొక్కటీ కుదరదు" అన్నాడు డైరెక్టరు. స్తంభాన్ని అలాగే ఉంచమని పనివాళ్ల మీద కేకలేస్తూ వెళ్లిపోయాడు.

సినిమా అయ్యాక కోటు కొట్టుకి తిరిగొచ్చింది. షావుకారు దాన్ని ముందుగదిలో అద్దాల బీరువాలో పెట్టాడు. ఇప్పుడు దానికి ఎర్రదారం లేదు, తాళం ఉంది. తాళంచెవి ఎక్కడుంటుందో అక్కకి తప్ప ఇంట్లో అందరికీ చెప్పాడు. పెద్ద కంపెనీలు ఎదురువీధికి పోలేదు సరికదా, లోపల అక్క కుట్టు ఉన్న బట్టలే కావాలని అడగడం మొదలుపెట్టాయి. పోరాటాల్లో దూకేవాళ్లకి అవే ధీమాగా ఉంటాయట. వాటి కోసం కొత్తగా పచ్చదారం పెట్టాల్సి వచ్చింది. ఈసారి షావుకారు ముందు అక్కని కూర్చోబెట్టి, మీ కొట్లో పచ్చదారానికి అర్థమేమిటని అడిగి మరీ మొదలుపెట్టాడు.

ఆఖరి భాగం విడుదలైన రోజు నలుగురూ మ్యాట్నీకి వెళ్లారు. హాలు కిటకిటలాడిపోతోంది. అక్క ఒళ్లో వేరుశనగల పొట్లం. సినిమా చివరికొచ్చింది. కొక్కెం, చిరుగు, కింద ఏడు నాలుకలు. ఒక్కో పోగూ తెగుతుంటే హాల్లో ఈలలు ఆగాయి, దగ్గులు ఆగాయి. కూతురు తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. షావుకారు జరగబోయేది తెలిసి కూడా కుర్చీ అంచుకి జరిగాడు. అక్క పక్క సీట్లో కూర్చున్న ఎవరో పెద్దావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "అయ్యో, అయ్యో, పడిపోతున్నాడు!" అని వణికిపోతోంది.

అక్క ఒక వేరుశనక్కాయ ఒలిచి ఆవిడ చేతిలో పెట్టింది.

"పడడులెండి, తినండి" అంది, హాలంతటికీ వినబడేలా. "లోపల నాలుగు వరసలు వేశాను."